గెంకో తీసిన మోచేతులు

మా వీధి ఫోటోగ్రాఫర్ గెంకోకి ఒకటే జబ్బు. ఎవరైనా కెమెరా చూసి నవ్వారంటే ఠక్కున కెమెరా దించేస్తాడు. జుట్టు సర్దుకుంటే మొహం చిట్లిస్తాడు. వీపు గోక్కుంటూనో, పిల్లిని తిడుతూనో కనబడాలి, అప్పుడు ఆయన వేలు ఆగదు. ఓ పెళ్లికి పిలిస్తే, కొత్త బూటు కరిచి అల్లాడిపోతున్న పెళ్లికొడుకు ఫోటో ఒక్కటే తెచ్చిచ్చాడు.

"ఇందులో సంగతుంది, చూడండి," అన్నాడు.

పెళ్లివారు సంగతి అడగలేదు, తరిమారు.

ఆయనతో అందరికంటే ఎక్కువ వేగింది ఎదురింటి దఫీనా. చలి మొదలవుతూనే ఆమె, మొగుడు మిలూష్ వాకిట్లో కూచుని ఎర్ర మిరపకాయలు కాల్చి సీసాలకెత్తేవారు. గెంకో ఆ పొగలో దగ్గుకుంటూ నిలబడేవాడు. కెమెరా మాత్రం ఎప్పుడూ మిలూష్ వైపే.

"అన్నయ్యా, నేను పడుతున్నానా ఫోటోలో?"

"నీ మోచెయ్యి పడుతోంది చెల్లెమ్మా. చాలదూ?"

"మోచెయ్యి చూసి మురిసేదెవరయ్యా! పోనీ, ఈ మహానుభావుడు కాయల్ని చూసినట్టు నన్నెప్పుడైనా చూస్తాడేమో, నీ కెమెరానే కనిపెట్టమను."

మిలూష్ కాయ మీంచి తల ఎత్తలేదు.

ఆ మిలూష్ పోయాడు. పోయినవాళ్ల ఫోటోతో కాగితం అచ్చు వేయించి ఇంటి ముందు అంటించడం, ఏడాది తిరగ్గానే మళ్లీ కొత్తది అంటించడం మా ఆనవాయితీ. మొదటిసారి గుర్తింపు కార్డులో ఫోటో వేశారు. అందులో ఆయన కోడిని ఎత్తుకుపోతూ దొరికినవాడిలా ఉన్నాడు. రోజూ ఆయనతో కబుర్లాడిన పోస్టుమ్యాన్ కూడా "ఎవరమ్మా ఈయన?" అన్నాడు. దఫీనాకి ప్రాణం ఉసూరుమంది. ఈసారైనా చూసినవాళ్లు "అరె, మన మిలూష్!" అనాలని ఆమె పట్టుదల. ఏడాది దగ్గర పడుతుంటే, అభిమానం చంపుకుని గెంకో ఇంటికి వెళ్లింది.

"తిన్నగా చూస్తున్నది ఒక్కటుంటే ఇవ్వన్నయ్యా."

"తిన్నగా చూసింది ఒక్కటీ లేదు," అంటూ ఆయన ఫోటోలన్నీ బల్ల మీద పరిచాడు.

అన్నిట్లోనూ మిలూష్ చేతిలో కాలిన మిరపకాయ, మెడ ఓ పక్కకి, మొహమంతా వెలుగు. నిజంగా మిలూషే. దఫీనా ఒకటి చేతిలోకి తీసుకుంది.

"ఎటు చూస్తున్నాడు?"

"ఈ చివర మోచెయ్యి ఎవరిది?" అన్నాడు గెంకో.

ఆమె వంగి చూసింది. తనదే.

"నువ్వు తల దించితే గానీ చూసేవాడు కాదమ్మా. ఆ ఒక్క చూపు కోసం పొగలో కాపు కాశాను. నువ్వు కనిపెట్టమన్నావుగా మరి."

"అప్పుడే చూపించి చావొచ్చుగా!"

"ఒట్టు వేయించుకున్నాడు. 'చూపించావో, నెత్తికెక్కి కూచుంటుంది' అన్నాడు."

"నెత్తికా? రానీ చెబుతా..." అని, రాడని గుర్తొచ్చి, ఏడవబోయి, ఫోటో చూసి నవ్వేసింది.

ఆ ఫోటోలోంచి మిలూష్ మొహం మటుకు వేయించి, కొత్త కాగితం అచ్చయ్యాక గేటు పక్కన అంటించింది. వీధంతా ఆగి "అరె, మిలూష్!" అంది. దఫీనా మాత్రం నాలుగడుగులు వెనక్కి వేసి పరీక్షగా చూసింది. ఆ ఓరచూపు తిన్నగా వెళ్లి పక్కింటి జ్లాతినా గుమ్మం మీద పడుతోంది! చర్రున కాగితం పీకి, ఆ చూపు తను రోజూ కూచునే అరుగు మీదే పడేలా ఇవతల గోడ మీద అంటించింది. తర్వాత వెళ్లి అరుగు మీద బాసింపట్టు వేసుకు కూచుంది.

"ఇప్పుడు నన్ను దాటి చూడమను, చూద్దాం!"