కుక్కర్ గాస్కెట్టుతో గడ్డి కోసిన వైనం

ఆ రోజుల్లో, దేశంకాని దేశంలో, ఇన్వర్‌కార్గిల్‌లో మాలాంటి స్టూడెంట్లలో, ఉద్యోగం వచ్చినవాడి కంటే ఫ్లాట్ (అక్కడ అద్దె ఇల్లు ఏదైనా ఫ్లాటే) దొరికినవాడికే గౌరవం ఎక్కువ. దొరికిన ఫ్లాట్‌ని నిలబెట్టుకోవడం ఇంకో చదువు. మా ఓనరమ్మ ఇన్‌స్పెక్షన్‌కి వస్తే ముందుగా చూసేది లాను. పోయినసారి మోకాలెత్తు గడ్డి చూసి, "మళ్లీ ఇలాగే ఉంటే వేరే ఇల్లు చూసుకోండి" అని నవ్వుతూ చెప్పింది. (అక్కడివాళ్లు నవ్వుతూ చెప్పారంటే నిజంగా అన్నట్టేనని అప్పటికే తెలిసొచ్చింది.)

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరమే. రోజూ పప్పు తప్ప మరోటి వండని కరీంనగర్ సీనియర్ ఒకడు, వాణ్ణి నేను పప్పన్న అనేవాణ్ణి. రెండోవాణ్ణి నేను, మెకానికల్ చదివి స్క్రూడ్రైవర్‌కి దడుచుకునేవాణ్ణి. ఇన్‌స్పెక్షన్ రోజు పొద్దున్నే షెడ్‌లోంచి గడ్డి కోసే కరెంటు ట్రిమ్మర్ తీశాను. దాని పొడుగాటి గొట్టం మధ్యలో ఉన్న హ్యాండిల్, స్క్రూ ఎంత బిగించినా జారిపోతోంది. స్విచ్ నొక్కితే హ్యాండిల్ నా చేతిలోనే ఉంటుంది, మిషన్ మాత్రం గిర్రున తిరిగి నా కాళ్ల మీదికొస్తుంది. మొదటి విడతలో గడ్డిపరక ఒక్కటీ తెగలేదు, నా బూటు లేసు తెగింది. టేపు చుడితే తడికి ఊడొచ్చింది. పాత సాక్సు చుడితే సాక్సుతో సహా జారింది. అప్పుడు వంటింటి కిటికీలోంచి, గిన్నెల పక్కన ఆరుతున్న కుక్కర్ గాస్కెట్ కనబడింది. నాలుగేళ్ల ఇంజనీరింగ్ చదివింది ఈ క్షణం కోసమే అనిపించింది. దాన్ని మెలితిప్పి గొట్టానికి చుట్టి, పైన హ్యాండిల్ పెట్టి బిగించాను. కదిలితే ఒట్టు! కాసేపట్లో లాను గుండు కొట్టించుకున్నట్టు నున్నగా తయారైంది.

సరిగ్గా ఓనరమ్మ కారు ఆగుతుండగా లోపల్నుంచి పప్పన్న కేక. "అరే, గాస్కెట్ ఏడ పెట్టినవ్‌రా? కుక్కర్ మొత్తం కక్కుతాంది!" పాపం, నిద్రమొహంతో చూసుకోకుండా మూత పెట్టేశాడు. పరుగెత్తి వెళ్తే వంటిల్లంతా ఆవిరి, పొగ అలారం గోల, తెల్లటి గోడ మీద పసుపుపచ్చని పప్పు. వెనకే ఓనరమ్మ. నా చేతిలో ఇంకా ట్రిమ్మర్. ఏం జరిగిందని అడిగితే ట్రిమ్మర్ గొట్టానికి చుట్టిన గాస్కెట్ చూపించాను. ఆవిడ వంగి వాసన చూసింది. కిటికీలోంచి లాను చూసింది. గోడ చూసింది. నేను మనసులో సూట్‌కేసు సర్దేసుకున్నాను.

"లాను చాలా బాగుంది. నేను మళ్లీ వచ్చేలోపు గోడ మీదున్నది కూడా కోసేయండి" అంది. ఈసారి నవ్వలేదు, అందుకే బతికిపోయాం.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ అదే గాస్కెట్. పప్పు ఉడికినన్ని రోజులూ గడ్డి పెరిగేది, గడ్డి కోసిన రోజు బ్రెడ్డు తినేవాళ్లం. ఇప్పుడు హామిల్టన్‌లో సొంతిల్లు, ఖరీదైన ట్రిమ్మర్, చస్తే జారని హ్యాండిల్. అయినా ఊరినుంచి ఎవరొస్తున్నా రెండు గాస్కెట్లు తెమ్మంటాను. ఒకటి వంటింటికి, ఒకటి గ్యారేజీలో మేకుకి. మొన్న మా అమ్మాయి అది చూసి "వాట్స్ దట్ ఫర్, నాన్నా?" అంది. "గడ్డి కోయడానికమ్మా" అన్నాను. జాలిగా చూసి వెళ్లిపోయింది. లేసు తెగిన ఆ కుర్రాడంటే నాకూ జాలే, కానీ వాడు బిగించిన బిగింపు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ ముచ్చటేస్తుంది.