సిమెంటు దిమ్మె మీద పడవ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఒక్కటి కూడా ఉండేది కాదు. ఇప్పుడు తెలిసినవాటిని వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు గానీ, ఇరవై ఏళ్ళ వయసులో, చేతిలో కొత్త ఫోనూ, మార్కాపురంలో చదివిన డిప్లొమాలో ఇంకా పాసవ్వాల్సిన రెండే రెండు పేపర్లూ ఉన్నప్పుడు, లోకమంతా నాకు అద్దంలో ఉన్నట్టు స్పష్టంగా కనిపించేది. (ఆ రెండు పేపర్లూ ఎందుకు కనిపించలేదని మీరు అడగవచ్చు. అది దిద్దినవాళ్ళ తప్పని అప్పట్లో నా గట్టి అభిప్రాయం.) ఊళ్ళో అందరూ నన్ను ఇంజనీరని పిలిచేవాళ్ళు. అందులో సగానికి సగం వెటకారమని తెలుసుకునేసరికి నాకు పెళ్ళి కూడా అయిపోయింది.

మాది కంభం చెరువు ఒడ్డున చిన్న ఊరు. పేరుకు చెరువే గానీ, నిండిందంటే అవతలి ఒడ్డును కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూడాలి. అయితే నిండేది ఎప్పుడో గనక, నా చిన్నతనమంతా అందులో మా గొర్రెలు మేశాయి. మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, ఉండే ఊరు సరిగ్గా అవతలి ఒడ్డున. నీళ్ళు లేని ఏళ్ళలో అమ్మ చెరువులోంచి అడ్డంగా నడిచి వెళ్ళి, అక్కతో కడుపునిండా మాట్లాడి, పొద్దు గూకేలోపల తిరిగి వచ్చేది. నేను చెప్పే ఏడు వానలు విరగబడి కురిసి చెరువు నిండింది. ఊరంతా సంబరపడి కొబ్బరికాయలు కొట్టింది. ఆ నెలలోనే పెద్దమ్మ జారిపడి, తుంటి ఎముక విరిగి మంచాన పడింది. రోడ్డు మీద వెళ్ళాలంటే కంభం దాకా ఒక ఆటో, అక్కడినుంచి ఇంకో ఆటో. అమ్మకేమో ఆటో ఎక్కితే వాంతులు. ఒకసారి అట్లాగే వెళ్ళి వచ్చి రెండు రోజులు లేవలేదు.

"దాన్ని జూడబొయ్యి నేను మంచాన పడితిని" అని నీరసంగా నవ్వింది. "కోడలు పాపం అన్నం పెడతాది, మందులిస్తాది. తల దువ్వే తీరిక యాడిది ఆ పిల్లకు? జుట్టంతా జడలు కట్టిపాయ." ఆ మాట అంటూ కళ్ళు తుడుచుకుంది.

నాకు అమ్మ కన్నీళ్ళు చూస్తే తట్టుకోవడం కష్టం. అక్కడికక్కడే లేచి నిలబడి, "మనమే ఒక పడవ చేయిద్దాం. ఇంజన్ పడవ. పావుగంటలో నిన్ను పెద్దమ్మ గడప ముందర దింపుతా" అని ప్రకటించాను. నాయన గొర్రెల కర్ర గోడకు ఆనించి, నా వైపు కూడా చూడకుండా, "వీడు ఏ పని మొదులుబెట్టినా సగంలో వదిలేస్తాడు" అన్నాడు. అన్యాయంగా అన్నాడని చెప్పను. ఇంటి వెనక నేను పెంచబోయిన పుట్టగొడుగుల షెడ్డుకు అప్పటికింకా కప్పు లేదు. కానీ కాసేపటికి ఆయనకు అవతలి ఒడ్డు కొండవారన మోకాలెత్తు గడ్డి గుర్తుకొచ్చింది. "జీవాల్ని గూడా దాటిస్తాదా ఆ పడవ?" అని అడిగాడు. దాటిస్తుందన్నాను. ఏం అడిగినా అవుననే చెప్పే స్థితిలో ఉన్నాను నేను. రెండు పొట్టేళ్ళు అమ్మడానికి నాయన ఒప్పుకున్నాడు.

ముందుగా ఇంజన్ ఆరా తీద్దామని మార్కాపురం వెళ్ళాను. మా వైపు పట్నంలో బోరు మోటార్లు అమ్మే దుకాణాలు వీధికి నాలుగుంటాయి గానీ, పడవ ఇంజను అమ్మే దుకాణం ఎట్లా ఉంటుంది? ఒక దుకాణదారు నేను చెప్పిందంతా ఓపికగా విని, "ఎన్ని అడుగుల లోతు?" అన్నాడు. చెరువు లోతు నాకెట్లా తెలుస్తుంది, బాగా లోతేనన్నాను. "అయితే పెద్ద మోటారే కావాల, అడుక్కు దించి వైరు పైకి లాక్కోవాల" అని సలహా ఇచ్చాడు. నీళ్ళను పైకి లాగడానికి తప్ప ఇంజనుకు ఇంకో ఉపయోగం ఉంటుందని ఆయన కలలో కూడా అనుకోలేదు. ఆయన అజ్ఞానానికి నవ్వుకుంటూ బస్సెక్కాను. (ఈ నవ్వు సంగతి గుర్తుంచుకోండి.)

ఇక సైజు. ఫోనులో ఎవరో దేశంకాని దేశపు ఆసామి, తెల్ల టోపీ పెట్టుకుని, పడవ కొనేముందు అందులో ఎవరెవరు ఎక్కుతారో వాళ్ళందరినీ అడిగి మరీ కొలత తేల్చుకోవాలని చెప్పాడు. మంచి మాటే. దాన్ని నేను తు.చ. తప్పకుండా పాటించాను. కళ్ళంలో ముగ్గుపిండితో పడవ బొమ్మ గీసి, అందరినీ పిలిచి అందులో కూర్చోమన్నాను. నాయన ఇరవై గొర్రెల్ని తోలుకొచ్చి గీత లోపల నిలబెట్టాడు. నిలబెట్టాడంటే అవి నిలబడ్డాయని కాదు. ఒకటి ముగ్గుపిండి నాకడం మొదలుపెడితే మిగతా పందొమ్మిదీ నాకాయి, పడవకు ఒక పక్క గోడే లేకుండా పోయింది. "ఇరుగ్గా ఉందిరా, ఇంగ నాలుగు మూరలు జరుపు" అన్నాడు నాయన. జరిపాను. అప్పుడు మా అవ్వ వచ్చింది. "నేను చచ్చినా ఎక్కను. కానీ నాకంటూ ఒక చోటు బెట్టాల. వీపుకు ఆనుకోను ఒక పలక గూడా బెట్టాల" అని, నట్టనడుమ కాళ్ళు బారజాపి కూర్చుంది. ఇంకో రెండు మూరలు జరిపాను. అమ్మ చెంబు నిండా మజ్జిగ తెచ్చి, గీతకు అవతల నిలబడి, లోపలున్న అందరికీ గ్లాసులు అందించింది.

సరిగ్గా అప్పుడే చేపలమ్మే తాత గంపతో వచ్చాడు. చెరువులో నీళ్ళున్న ఏళ్ళలో చేపలు పట్టుకుని బతికే మనిషి, ఆయనకు ఒక పుట్టి ఉండేది. వెదురు బుట్టకు పట్టా కట్టి తారు పూసిన గుండ్రటి పుట్టి, ఇద్దరు కూర్చుంటే మూడోవాడికి చోటుండదు. ఆయన ముగ్గు చుట్టూ ఒకసారి తిరిగి, "ఇల్లు గడతాండారా?" అని అడిగాడు. పడవ అన్నాను. "కొలత నీళ్ళ మింద తియ్యాల నాయనా, నేల మింద ఏదన్నా తేల్తాది" అన్నాడు. నేను ఫోను తీసి ఆయనకు తెల్లటోపీ ఆసామిని చూపించబోయాను. ఆయన చూడకుండా గంప ఎత్తుకున్నాడు. అమ్మ ఆయనతో ఏదో మాట్లాడుతూ వీధి చివరిదాకా వెళ్ళింది. చేపల బేరం అనుకున్నాను.

పడవ కట్టే పని మా వెల్డింగ్ మామకు అప్పజెప్పాను. ఆయన గేట్లూ, కిటికీ ఊచలూ, ట్రాక్టరు ట్రాలీలూ చేసేవాడు. "నీళ్ళ మింద పోయే ట్రాలీ అంతే గదరా అల్లుడూ" అని ధైర్యంగా మొదలుపెట్టి, చెయ్యి తిరిగిన పని గనక, గొర్రెలు ఎక్కి దిగడానికి వెనక ఒక తలుపు పెట్టి గడియ కూడా బిగించాడు. పడవకు వెనక తలుపేమిటని మా ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు. సందులో సైకిలు ట్యూబు పెట్టి సరిపెట్టాం.

ఇంజను మాత్రం ఇంట్లోనే దొరికింది. ఎండిపోయిన మా పాత బావి దగ్గర ఐదు హార్సుపవరు ఆయిల్ ఇంజన్ ఒకటి ఏళ్ళుగా గోనెపట్టా కప్పుకుని ఉంది. ఇద్దరు కలిసి కూడా కదపలేని బరువు. దాన్ని విప్పి, కడిగి, నూనె పోసి తిప్పితే టకటకా మొదలై, కాసేపటికి కళ్ళమంతా గెంతడం మొదలుపెట్టింది. ఇక్కడే నా చదువు అక్కరకొచ్చింది. ఆయిల్ ఇంజన్ నేల మీద ఊరికే పెడితే గెంతుతుంది. మా వైపు ఏ బావి దగ్గర చూసినా దాన్ని సిమెంటు దిమ్మె కట్టి, బోల్టులు దింపి బిగిస్తారు. దిమ్మె లేని ఇంజనును నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. కాబట్టి పడవలో వెనక వైపు, కంకరా, ఇసుకా, సిమెంటూ కలిపి, మోకాలెత్తు దిమ్మె కట్టాను. పదిహేను రోజులు దానికి పూటపూటా నీళ్ళు చల్లాను. వచ్చినవాళ్ళంతా దిమ్మెను చేత్తో తట్టి చూసి మెచ్చుకున్నారు. నాయన కూడా తట్టి చూశాడు. ఊరు ఊరంతటిలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, పడవలో సిమెంటేమిట్రా అని అడగలేదు. బావులు తప్ప ఎరగని మనుషులం కదా.

ఇదంతా కార్తీకంలో మొదలై మాఘం దాటిపోయింది. ఈలోగా చెరువు నీళ్ళు కాలవలకు వదలడంతో, మేము పడవకు ఒక మూర పెంచినప్పుడల్లా ఒడ్డు ఒక బారు వెనక్కు జరిగిపోతూ వచ్చింది. అమ్మ శుక్రవారం శుక్రవారం నూనె సీసా, దువ్వెన సంచిలో వేసుకుని పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి వచ్చేది. ఆటోలో అవస్థ పడుతూ వెళ్తోందని నాకు జాలిగా ఉండేది. "ఇంక కొన్నాళ్ళు ఓర్చుకోమ్మా" అనేవాణ్ణి. వాంతులు కావడం లేదా అని ఒకసారి అడిగితే, "అలవాటైపాయ" అంది. చీర కుచ్చిళ్ళు మోకాళ్ళదాకా తడిసి ఉండేవి. అదేమిటంటే దారిలో కాలవ దాటానంది. కంభం రోడ్డు మీద ఆటో ఎక్కిన మనిషి ఏ కాలవ దాటుతుందని ఇంజనీరుకు తోచలేదు. ఇంజనీరు అప్పుడు దిమ్మె తడుపుతున్నాడు.

చివరికి పడవను నీళ్ళలో దించే రోజు వచ్చింది. ట్రాక్టరు కట్టి లాగితే బురదలో సగం దూరం అది పడవను లాగింది, మిగతా సగం దూరం ఊరంతా కలిసి రెంటినీ లాగింది. అవ్వ కుంకం పెట్టి నిమ్మకాయలు దిష్టి తీసింది. నాయన మంచి వేళ చూసుకుని ఒక పొట్టేలును ముందు భాగంలో ఎక్కించాడు. పడవ నీళ్ళలోకి జారింది. ముందు భాగం తేలింది, నిజంగానే తేలింది, నేను రెండు చేతులూ పైకెత్తి కేక పెట్టాను. ఆ కేక పూర్తయ్యేలోపల వెనక భాగం ఏ తొందరా లేకుండా, పెద్దమనిషి అరుగు మీద కూర్చున్నట్టుగా, దిమ్మెతో సహా బురదలోకి కూర్చుంది. తలుపు సందుల్లోంచి నీళ్ళు వచ్చాయి. ముక్కు ఆకాశంలోకి లేచింది. పొట్టేలు నా వైపు ఒకసారి చూసి, కిందికి దూకి, మోకాళ్ళలోతు నీళ్ళలో నడుచుకుంటూ ఒడ్డుకు వెళ్ళిపోయింది. అయినా నేను ఊరుకున్నానా? మోకాళ్ళదాకా తడుస్తూ హ్యాండిలు తిప్పాను. ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. దిమ్మె గట్టిది గనక ఇంజన్ ఒక్క పిసరు కదల్లేదు. పడవా కదల్లేదు.

చేపల తాత తన పుట్టిలో నిదానంగా తెడ్డు వేసుకుంటూ వచ్చి, మా చుట్టూ ఒక చుట్టు తిరిగి, "ఇంజన్ బెమ్మాండంగా ఉండాది నాయనా. దాని కింద పడవ ఒకటే అడ్డం" అన్నాడు. ఊరంతా నవ్వింది. నాకు ఆ నీళ్ళలోనే మునిగిపోదామనిపించింది గానీ, అందుకు చాలినంత లోతు కూడా లేదు. నాయన మాత్రం నవ్వలేదు. "దిమ్మె మటుకు బాగా గట్నావురా" అని చెప్పి, పొట్టేలును వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

రెండు రోజులు నేను గది దాటి బయటికి రాలేదు. మూడో రోజు శుక్రవారం. పొద్దున్నే అమ్మ సంచి భుజాన వేసుకుని, "లెయ్, నాతో రా, పెద్దమ్మ నిన్ను జూడాలంటాంది" అంది. రోడ్డు వైపు నడుస్తుందనుకుంటే చెరువు వైపు నడిచింది. ఒడ్డున తాత పుట్టి సిద్ధంగా ఉంది. అమ్మ కుచ్చిళ్ళు ఎగదోపి, మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి, పుట్టిలోకి ఎక్కి, అది ఏమాత్రం ఊగకుండా ఒక వారగా ఒదిగి కూర్చుంది. అట్లా ఎక్కడం ఒకటి రెండుసార్లలో వచ్చే పని కాదు. నేను ఎక్కితే పుట్టి గిర్రున తిరిగింది. తాత, "ఇద్దరే పడతారు. తెడ్డు నువ్వెయ్, ఇంజనీరూ" అని ఒడ్డునే ఉండిపోయాడు.

"ఎప్పటినుంచమ్మా?" అన్నాను, కొంచెం దూరం వెళ్ళాక.

"కార్తీకం నుంచి."

"అయితే మరి నాకు ఒక్క మాట చెప్పలేదేం? నేను ఇన్ని నెలలు..."

అమ్మ నీళ్ళ వైపు చూస్తూ, "ఏ పనైనా సగంలో వదిలేస్తావని మీ నాయన ఊరంతా చెప్తాండె. నేను బొయ్యొస్తాండానని తెలిస్తే ఇదీ వదిలేస్తావని భయమాయ. దీన్నన్నా పూర్తి చేస్తావని ఊరకుంటి. చేస్తివి గదా" అంది. తెడ్డు తప్పుగా వేశాను, పుట్టి మళ్ళీ గిర్రున తిరిగింది. ఆ రోజు పెద్దమ్మ తల అమ్మ దువ్వుతుంటే నేను నూనె సీసా పట్టుకుని కూర్చున్నాను. మిగిలిన రెండు పేపర్లూ ఆ ఏడే పాసయ్యాను.

ఇప్పుడు మార్కాపురంలోనే బోరు మోటార్లు బాగుచేస్తూ బతుకుతున్నాను. పెద్దమ్మ లేదు. మా పడవ ఉంది. వెల్డింగ్ మామ వెనక తలుపు మూసి అతికేశాక చుక్క నీరు కారకుండా తయారైంది, కళ్ళం పక్కన పెట్టి అందులో నీళ్ళు పోస్తే గొర్రెలన్నీ ఒకేసారి తాగుతాయి. పిల్ల గొర్రెలకు అందకపోతే ఎక్కి నిలబడడానికి, పెళ్ళగించి పక్కన వేసిన దిమ్మె కూడా అక్కరకొస్తోంది. ఊరికి వెళ్ళినప్పుడల్లా దాని పక్కన కాసేపు నిలబడతాను. ముగ్గుపిండి చేతిలో పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఇరవై గొర్రెలకూ, ఎక్కనన్న అవ్వకూ చోటు జరుపుతున్న ఆ కుర్రవాడు నాకు అక్కడ కనిపిస్తూనే ఉంటాడు. ఒరేయ్, ఒక్కసారి తల తిప్పి చూడరా, ఆ పడవ ఎవరికోసమో ఆ మనిషి గీతకు అవతల మజ్జిగ చెంబుతో నిలబడి ఉందిరా, అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు లెండి. ఆ రోజుల్లో వాడికి తెలియని విషయమంటూ ఒక్కటి కూడా లేదు.