అపసవ్యం

కమిటీ రావడానికి పది నిమిషాల ముందు సూర్యకళ కంప్యూటర్ ఫైల్లోని పాయింట్ల వరుసను నాగేశ్వరప్రసాద్ వెనకనుంచి ముందుకు మార్చేశాడు. ఆమెకు చెప్పలేదు.

రాజమండ్రి దగ్గరి ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో అతను సివిల్ విభాగాధిపతి, ఆమె లెక్చరర్. ఇద్దరికీ మొదటినుంచీ పడదు. ఆమె చెప్పేది బౌండరీ ఎలిమెంట్ పద్ధతి. కాలువ లాకు కింద మట్టిలో నీరెలా ఊరుతుందో తేల్చాలంటే మామూలుగా ఆ మట్టినంతా ముక్కలు చేసి లెక్క కట్టాలి. ఈ పద్ధతిలో అంచును ముక్కలు చేస్తే చాలు. ఆ అంచును ఆమె క్లాసులో గట్టు అంటుంది. "గట్టు తగాదాల మేడమ్" అని అతను స్టాఫ్‌రూములో అంటాడు. ఆమె కూడా తక్కువది కాదు. తప్పు చేసిన పిల్లల్ని బోర్డు దగ్గరే నిలబెట్టి కడిగేస్తుంది. భయపడి ఆ సబ్జెక్టు తీసుకునేవాళ్లు తగ్గారు. దాన్ని ఉంచాలో ఎత్తేయాలో ఆ రోజు కమిటీ తేల్చాలి.

గట్టు మీది పాయింట్లు అపసవ్య దిశలో ఇవ్వాలని ఫైలు పైన ఆమే తెలుగులో రాసింది. అంటే గట్టు మీద నడిచేవాడికి మట్టి ఎడమచేతి వైపుండాలి. కుడివైపు పడితే ప్రోగ్రాం గట్టు బయటిదాన్నే మట్టి అనుకుంటుంది.

కమిటీ వచ్చి కూర్చున్నాక సూర్యకళ రన్ నొక్కింది. మట్టి లోపల ఎక్కడ అడిగినా నీటి పీడనం సున్నా.

"సున్నా చెప్పడానికి కంప్యూటరెందుకండీ? మా డ్రైవర్ చిట్టియ్య చెప్తాడు," అన్నాడు కమిటీ పెద్ద రాజరత్నం, రిటైరైన ఇరిగేషన్ ఇంజనీరు. అందరూ నవ్వారు.

సూర్యకళ ఫైలు తెరిచింది. "దీన్నెవరు తిప్పారండీ?"

"నేనేనండి," అన్నాడు నాగేశ్వరప్రసాద్. "కొత్త ల్యాబు, పొద్దున్నే పూజ చేయించాం. అపసవ్యం ఏంటి మేడమ్, తద్దినం పెడుతున్నామా? ప్రదక్షిణంగా మార్చాను."

"మట్టికి మీ ద్రాక్షారామం గుడి ప్రదక్షిణలు తెలీదండి."

"మీకు మర్యాద తెలీదండి."

ఆమె వరుస మార్చి మళ్లీ నొక్కింది. ఎగువ నుంచి దిగువకు పీడనం పద్ధతిగా తగ్గుతూ వచ్చింది. రాజరత్నం కళ్లద్దాలు పెట్టుకుని చూశాడు.

"బానే ఉందండి. కానీ దిక్కు మారితే కొంప మునిగే పద్ధతి పిల్లలకెందుకమ్మా?"

"ముంచింది పద్ధతి కాదండి. మీ పక్కన కూర్చున్నాయన."

ఈసారి ఎవరూ నవ్వలేదు. సబ్జెక్టు ఎత్తేయమని కమిటీ రాసిచ్చింది. జూన్‌లో కాలేజీ తెరిచాక సూర్యకళకు ఫస్టియర్ ఇంజనీరింగ్ డ్రాయింగ్ రెండు సెక్షన్లు వేశారు.