నిద్ర కోసం నాలిక గీసుకున్న వైనం

నిద్ర పట్టని మనిషి పెళ్ళాం మీద విసుక్కున్నాడంటే నమ్ముతారు, ఆఫీసులో కునికాడంటే నమ్ముతారు. సొంత నాలికని చేజేతులా చిత్రవధ చేసుకున్నాడంటే మాత్రం నమ్మరు. నేను చేసుకున్నాను. అంతటితో ఆగానా? ఆ దెబ్బకి ఉద్యోగాన్ని ఊడే అంచుదాకా తెచ్చుకున్నాను. మీరు మొహమాటపడకుండా నవ్వుకోండి, మా ఆవిడ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

రెండువేల దశకం మధ్యలో సంగతి ఇది. ఆక్లాండ్ పడమటి వైపు హెండర్సన్‌లో ఓ చిన్న ఫ్లాట్‌లో నేనూ, మా ఆవిడ పద్మా ఉండేవాళ్ళం. నేనో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రొబేషన్ మీద ఉన్నాను. ఉద్యోగం పర్మనెంట్ అయితేనే ఆ దేశంలో స్థిరపడనిచ్చే మా రెసిడెన్సీ ఫైలు కదుల్తుంది, లేకపోతే సామాను సర్దుకోవడమే. సరిగ్గా అప్పుడే నా కంటి మీద కునుకు కరువైంది. రాత్రంతా దొర్లడం, పగలంతా తూలడం.

ఓసారి మీటింగ్‌లో ఏకంగా గురకపెట్టాను. మా బాస్ గ్రాహం మంచివాడే, పక్కకి పిలిచి మరీ చెప్పాడు.

"మేట్, నువ్వు రాసిన ప్రోగ్రామ్ బావుంది. గురకే బాలేదు. నెలాఖర్న క్లయింట్లు వస్తున్నారు, డెమో నువ్వే ఇవ్వాలి. అది బాగా జరిగితే పర్మనెంట్."

"జరక్కపోతే?"

"జరిగేలా చూసుకో, మేట్."

అసలే రాని నిద్ర, ఆ రోజు నుంచీ మా ఇంటి వీధిలోకి రావడం కూడా మానేసింది.

పద్మ "వేడి చేసిందండీ" అని తేల్చేసి మజ్జిగ పట్టించింది. ఫోన్లో మా అత్తగారు మాడుకి ఆముదం పెట్టమన్నారు. తెలిసిన ఆంటీ ఒకావిడ పాలల్లో గసగసాలు అన్నారు. అన్నీ చేశాను. జిడ్డు మిగిలింది, నిద్ర రాలేదు. చివరికి మా ఆఫీసులో ఎవరో, హెండర్సన్‌లోనే చైనా వైద్యం చేసే పెద్దావిడ ఉంది, నాడి పట్టుకుంటే చాలు జాతకం చెప్పేస్తుంది అన్నారు. నాడి అనగానే నాకు గురి కుదిరిపోయింది. మందులచీటీ రాసేవాడి కంటే నాడి చూసేవాడంటేనే మనకి గౌరవం కదా!

ఇక్కడే, పాఠకమహాశయులారా, అసలు పొరపాటు జరిగింది. డాక్టరు దగ్గరికి వెళ్తున్నామంటే మనవాళ్ళు ఎలా తయారవుతారో మీకు చెప్పక్కర్లేదు. తలంటు, ఉతికిన బనీను, ఇస్త్రీ చొక్కా. రోగం ఎలా ఉన్నా రోగి మాత్రం శుభ్రంగా ఉండాలి. "నాలిక చూపించమంటుందట" అని ముందే విన్నాను కాబట్టి, మా ఊరి నుంచి తెచ్చుకున్న స్టీలు నాలికబద్ద తీసి, పాచి అన్నది లేకుండా గీశాను. పొద్దున్న ఒకసారి గీసిందే, మళ్ళీ గీశాను. పరాయి దేశంలో మనవాళ్ళ పరువు నా నాలిక మీద ఉందని నా ఉద్దేశం.

డాక్టరమ్మ చాలా నెమ్మదస్తురాలు. రెండు చేతుల నాడీ పట్టుకుని చాలాసేపు కళ్ళు మూసుకుంది. నాకు అసూయ వేసింది, ఆవిడకి ఎంచక్కా నిద్ర పడుతోందని. తర్వాత కళ్ళు తెరిచి చెప్పింది.

"మా వైద్యంలో మనసుకి ఇల్లు గుండె. పగలంతా మనసు బయట తిరుగుతుంది. రాత్రి ఇంటికి చేరుకుంటే నిద్ర. ఇల్లు సరిగ్గా లేకపోతే రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది."

ఎంత చక్కగా చెప్పిందండీ! నా మనసుకి ఇంకా రెసిడెన్సీ రాలేదన్నమాట అనుకున్నాను.

"ఇల్లు ఎందుకు చెడిందో నాలిక చెప్తుంది. ఏదీ, చూపించండి."

గర్వంగా చాపాను. ఆవిడ లైటు వేసి చూసి కనుబొమలు ముడేసింది. "నాలిక మీద పూతే లేదే! ఎర్రగా ఉంది. ఒంట్లో చలవంతా ఎండిపోయింది. రాత్రి భోజనం ఏమిటి?"

"లైట్‌గా అండీ."

తెలుగువాడు డాక్టరుకి ఇంకేం చెప్తాడు? ముద్దపప్పు, ఆవకాయ, బంగాళాదుంప వేపుడు, గడ్డపెరుగు, ఆ పైన టీవీ చూస్తూ ఫిల్టర్ కాఫీ అని చెప్పుకుంటామా, పరువు పోదూ!

"జీర్ణం?"

"ఫస్ట్ క్లాస్."

పాపం, నమ్మింది. ఒంటికి చలవా పుష్టీ ఇచ్చే మూలికలు పొట్లాలు కట్టి ఇచ్చింది. పద్మ వాటిని ముక్కుకి చెంగు కట్టుకుని మరగబెట్టేది. నల్లగా, బంకగా, తియ్యగా ఉండేది ఆ కషాయం. పప్పూ ఆవకాయా మీద ఆ బంక కూడా చేరేసరికి పొట్ట బిర్రబిగిసి, పక్క మీద ఎటు ఒత్తిగిల్లినా గుడగుడ. ఇదివరకు నాకొక్కడికే నిద్ర లేదు, ఇప్పుడు పద్మకీ లేదు.

"ఏవండీ, ఆవిడతో ఉన్నదున్నట్టు చెప్పండి" అంది పద్మ.

"నువ్వూరుకో. పూత లేదంది, ఎర్రగా ఉందంది. ఇంకా సరిగ్గా తోమలేదేమోనని నాకు అనుమానం."

అవునండీ, నా బుర్ర అంత చురుగ్గా పనిచేసింది. రెండోసారి వెళ్ళేటప్పుడు పెనం తోమినట్టు గీశాను. ఆవిడ చూసి "అయ్యో, ఇంకా ఎండిపోయింది!" అని మోతాదు పెంచింది. ఆఖరిసారి వెళ్ళింది డెమోకి ముందు రోజు సాయంత్రం. ఆ గీకుడికి కాస్త రక్తం కూడా చూశాను. పద్మ ఇక నా మీద నమ్మకం వదులుకుని తనూ వెంట వచ్చింది.

నాలిక చూడగానే డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలిపోయింది. "అమ్మా, ఇన్నేళ్ళ నా వైద్యంలో ఇలాంటి నాలిక చూడలేదు. ఇచ్చిన మందల్లా వికటిస్తోంది. మీ ఆయన్ని హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి" అంది.

రెసిడెన్సీ సంగతి దేవుడెరుగు, మనిషే దక్కేటట్టు లేడు. కానీ పద్మ తాపీగా అంది:

"హాస్పిటల్ దేనికండీ? మీ దగ్గరికి వచ్చే ముందల్లా స్టీలు బద్దతో గీకుతారు."

"గీకడమంటే?"

ఇక నేను ఊరుకోగలనా? మంట పెడుతున్న నాలికతోనే, ఇది మా ఆచారమని, శుభ్రతలో మేము ఎవరికీ తీసిపోమని చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆవిడ అంతా విని, నుదురు పట్టుకుంది.

"బాబూ, పొట్టలో ఏముందో నాకు చెప్పేది ఆ పూతే. దాన్ని నువ్వు ఇంటి దగ్గరే వదిలేసి వస్తున్నావు. ఇన్నాళ్ళూ నేను మందిచ్చింది నీకు కాదు, నీ స్టీలు బద్దకి!"

ఆ తర్వాత పద్మ నా రాత్రి భోజనాన్ని వేపుడు దగ్గర్నుంచి కాఫీ దాకా ఏకరువు పెట్టింది. వింటున్నకొద్దీ ఆవిడ మొహంలోకి ప్రాణం వచ్చింది. "పొట్టలో ఇంత గొడవ జరుగుతుంటే పక్కనున్న గుండెలో మనసు ఎలా పడుకుంటుంది? మందులొద్దు. ఈ రాత్రికి పెందరాళే గంజి తాగు. కాఫీ ముట్టుకోకు. నాలిక జోలికి పోకు."

ఎలాగూ ఆ నాలికతో గంజి తప్ప ఇంకేం దిగదు. తాగి పడుకున్నాను. అంతే, నిద్రపట్టేసింది! నెలల తరబడి బాకీపడ్డ నిద్రంతా కట్టగట్టుకుని వచ్చింది.

కళ్ళు తెరిచేసరికి హాలంతా ఎండ. పద్మ కంచాలు తుడుస్తోంది.

"టైమెంత?"

"భోజనాల వేళయింది."

"డెమో! నన్నెందుకు లేపలేదు?"

"లేపుదామనే వచ్చానండీ. మీరు నోరు తెరుచుకుని హాయిగా పడుకున్నారు. మిమ్మల్ని అలా చూసి ఎన్నాళ్ళయిందో. లేపడానికి చెయ్యి రాలేదు. ఉద్యోగం పోతే పోయింది, ఇంకోటి చూసుకుందాం" అంది. అంటూ కళ్ళు తుడుచుకుంది. ఆ మాటకి కోప్పడాలో కాళ్ళు మొక్కాలో తెలీక నేనూ ఏడ్చేశాను.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆఫీసుకి పరిగెత్తాను. క్లయింట్లు వెళ్ళిపోయారు. గ్రాహం తన గదిలోకి పిలిచాడు.

"ఫోన్ చేస్తే ఎత్తలేదు. నీ ప్రోగ్రామ్ నేనే తెరిచి చూపించాను" అన్నాడు.

"సారీ గ్రాహం, నా నాలిక..."

"నాకు నీ ప్రోగ్రామ్ గురించి ఏమీ తెలీదు కదా, అందుకని బటన్లు నొక్కుతూ పోయాను. వాళ్ళకి వెంటనే అర్థమైపోయింది. నువ్వు చెప్తే మొదటి బటన్ దగ్గరే సాయంత్రమయ్యేది. ఒప్పందం మీద సంతకం పెట్టి వెళ్ళారు. నిన్ను పర్మనెంట్ చేస్తున్నాను, మేట్."

నేను గబగబా చెయ్యి చాపాను.

"కానీ ఒక షరతు" అన్నాడు, చెయ్యి కలుపుతూ. "డెమో ఉన్న రోజల్లా నువ్వు ఇంట్లోనే పడుకోవాలి."

కాబట్టి సూర్యచంద్రుల సాక్షిగా, పద్మ ఎదురుగా నిలబడి చేస్తున్న ప్రతిజ్ఞ ఏమిటంటే: ఇక మీదట ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చొక్కా ఇస్త్రీ చేసుకుంటాను గానీ, రోగాన్ని మాత్రం ఇస్త్రీ చెయ్యను. ఆవకాయ సంగతి అడక్కండి. దాని మీద ఏ ప్రతిజ్ఞా చెయ్యలేదు.