ఎంగిలి ఊపిరి

నాకు నడక కంటే ముందు నీళ్ళు ఎత్తి తాగడం వచ్చిందని మా అవ్వ చెప్పేది. మా ఇంట్లో చెంబు పెదవికి తగిలితే ఆ చెంబుకు ఆ పూటకు వెలి. బూడిదేసి తోమి, కడిగి, ఎండలో బోర్లిస్తే గాని మళ్ళీ మనుషుల్లో కలిసేది కాదు. తెలుగులో ఎంగిలి, తమిళంలో ఎచ్చిల్, కన్నడంలో ఎంజలు. హోసూరులో పుట్టి మూడు భాషలూ మాట్లాడేవాణ్ణి గనక నాకు అసహ్యమూ మూడింతలే. ఫ్యాక్టరీ క్యాంటీన్లో బాటిల్ని తలపైకెత్తి, గొంతును గురిచూసి పోసుకునేవాణ్ణి. గురి తప్పడం మామూలే. ఆ ఉద్యోగంలో నా చొక్కాలు తాగినన్ని నీళ్ళు నేను తాగలేదు.

ఇట్లాంటి మనిషి సముద్రం అడుగున మునిగిన ఓడను చూడడానికి పోయినాడంటే దానికి కారణం మా బావ.

బావ అంటే మా అక్క మొగుడు. బాగలూరు పక్కన పొలం. ఆయన వయసులో ఉన్నప్పుడు చుట్టుపక్కల ఏ బావిలో ఏది పడినా బావకే కబురు. బిందె పడినా, మోటారు పడినా, మేక పడినా సరే. గట్టు మీద నిలబడి, లుంగీ ఎగగట్టి, ఒక్కసారి గాలి పీల్చి దూకితే, పైనున్నవాళ్ళు బీడీ ముట్టించి సగం తాగేదాకా లేచేవాడు కాదు. బావకూ బావికీ మధ్య ఒక్క గుడి తేడా, అంతే.

తొంభైల చివరికి ఆ గుడీ కూలిపోయింది. బోర్లు పడినాయి, బావులు ఎండినాయి. బావ రోజా తోట పెట్టి, పైన ప్లాస్టిక్ కప్పు వేసి, సన్న పైపుల్లో చుక్కచుక్కగా నీళ్ళు వదిలేవాడు. సొంత బావిలో ఇప్పుడు మందు డబ్బాలు, చిరిగిన పైపులు, ఎవరో పారేసిన కుక్క శవం. సాయంకాలం గట్టు మీద నిలబడి లోపలికి చూసేవాడు. వాసనకు నేను ముక్కు మూసుకుంటే ఆయన మూసుకునేవాడు కాదు.

"ఈడ రెండు తాటిచెట్ల లోతు నీళ్ళుండెనప్పా" అనేవాడు, నాకు తెలియనట్టు.

రెండువేలు దాటిన కొత్తలో, రోజాలు కొనడానికి పాండిచ్చేరి నుంచి వచ్చే ఒక హోటలాయన బావ చెవిలో ఒక మాట వేసినాడు. ఆడ ఒక షాపుందంట. గాలి సిలిండర్ వీపుకు కట్టి, పడవలో తీసుకుపోయి, సముద్రంలో మునిగిన సరుకు ఓడ దగ్గరికి దించుతారంట. ఆ రోజు నుంచి బావకు నిద్ర లేదు. ఆయన మాట్లాడుతూ ఉంటే మాకూ లేదు.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఆయన బావిలో మునిగితే నాకెప్పుడూ భయం లేదురా. బావికి గట్టుంటుంది. సముద్రానికి యాడుంది గట్టు? నువ్వూ పో. ఆ ఓడేదో తాకనీ, ఆ పిచ్చి పోతుంది. మనిషిని మాత్రం నాకు తెచ్చియ్యి."

"నాకు ఈతే సరిగా రాదక్కా."

"అందుకే పో. నువ్వు పక్కనుంటే ఆయన దూరం పోడు, నిన్ను చూసుకోవాల గదా."

మా ఇంట్లో నాకున్న విలువ అది. గట్టు లేని చోట గట్టుగా పెట్టదగినవాణ్ణి.

అట్లా ఇద్దరం పాండిచ్చేరి షాపుకు పోయినాము. చేపల రేవు పక్క సందులో ఒక రేకుల కొట్టం. గోడకు వరసగా నల్ల రబ్బరు సూట్లు, ఉరి తీసినవాళ్ళ మాదిరి. ఒక్కొక్క దాంట్లో ఎంతమంది చెమట ఉందో, చెమట కానిది ఎంత ఉందో, వాసనే చెప్పేది. నాది తొడుక్కుంటే లోపల ఇంకా తడిగా ఉండింది. ఎవరి తడో అడగలేదు. కొన్ని విషయాలు తెలియకపోవడమే చదువు.

షాపాయన నిక్కరు వేసుకున్న నవ్వుముఖం మనిషి. తమిళం మొదలుపెట్టి ఇంగ్లీషులో తేలేవాడు. ఆయన చెప్పిన నియమం ఒకటే: ఎవరూ ఒంటరిగా దిగకూడదు, జంటగానే దిగాలి. ఒకరి గాలి అయిపోతే రెండోవాడు తన నోట్లోని గాలి గొట్టం తీసి ఇవ్వాలి. రెండు గుక్కలు నువ్వు, రెండు గుక్కలు ఆయన. ఇట్లా మార్చుకుంటూ పైకి రావాలి. ఇది చేసి చూపించినవాళ్ళకే ఓడ. మంచి షాపుల్లో ఒక్కో సెట్టుకు రెండేసి ఉంటాయని, ఈ పంపకం అక్కరలేదని నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. ఆ షాపులో ఒకటే. ఉన్న ఆ ఒకటీ పది మంది పళ్ళు కొరికి గుంటలు పడిన రబ్బరు ముక్క. దానికి బావ పీపీ అని పేరు పెట్టినాడు.

ఆ పీపీలన్నిటినీ ఒక ప్లాస్టిక్ డ్రమ్ములో నానబెట్టేవాళ్ళు. నీళ్ళు పచ్చగా ఉండేవి. వాటిలో దోమపిల్లలు ఈదేవి, నాకంటే బాగా. "క్లీన్, సార్" అన్నాడు షాపాయన. ఎంగిలి కడిగే తొట్టి కాదది, ఊరందరి ఎంగిలినీ కలిపే తొట్టి.

మొదటి సారి పోయినప్పుడు, సముద్రం అలవాటు కావాలని ఊరికే పడవ ఎక్కించినారు, నేను నీళ్ళలోకి దిగనే లేదు. పడవ ఒకప్పుడు చేపలు పట్టేది. పలకల సందుల్లో పొలుసులు, ఇంజన్ నుంచి డీజిల్ పొగ, ఆ రెంటి మీద ఎండ. అక్క కట్టిచ్చిన చిత్రాన్నం అంతా సముద్రానికి నైవేద్యం పెట్టినాను. కింద చేపలు గుంపుగా వచ్చి తిన్నాయి. షాపు మనుషులు చప్పట్లు కొట్టి, "మీనుకు టిఫిన్!" అని నవ్వినారు. ఒడ్డుకు వచ్చినాక వాళ్ళే చేపలు వేయించి ఆకులో పెట్టినారు. బావ తిన్నాడు. నేను ఆ చేపల ముఖం చూడలేకపోయినాను. ఎక్కడో పరిచయమైన ముఖాల మాదిరి ఉండినాయి.

రెండో సారి నడుంలోతు నీళ్ళలో పంపకం పరీక్ష. మాస్కు అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మేసి రుద్దుకోవాలంట. నా సొంత ఉమ్మే గదా అని ధైర్యం తెచ్చుకుంటున్నాను. నేను ఆలస్యం చేస్తున్నానని షాపాయన నా మాస్కు తీసుకొని, ఆయనే తుపుక్కున ఉమ్మేసి, బొటనవేలితో రుద్ది, నవ్వుతూ నా ముఖానికి తొడిగినాడు. సాయం చేసే గుణం గల మనిషి.

ఆ ముఖంతో నేను నీళ్ళలో కూర్చున్నాను. బావ తన పీపీ తీసి నా ముందుకు చాపినాడు. దాని చివర ఒక తీగ వేలాడుతూ ఉండింది. జొల్లో, సముద్రమో. నా నోరు తెరుచుకోలేదు. షాపాయన నీళ్ళలో నుంచి నన్ను పైకి లేపి ఇంగ్లీషులో ఏమి సమస్య అని అడిగినాడు. ఎంగిలికి ఇంగ్లీషు మాట నాకు దొరకలేదు. మూడు భాషల్లో ఉన్న అసహ్యం నాలుగో భాషలో మాయమైంది. "నో హంగ్రీ" అన్నాను చివరికి. ఆయన బావ వైపు తిరిగి, ఈ మనిషితో మీరు ఓడ చూడలేరని తేల్చేసినాడు. ఇంకొక్క అవకాశం ఇస్తాడంట, వానలు మొదలయ్యే లోపల. ఆ తర్వాత పాత ఇనుము వాళ్ళు ఓడను కోసుకుపోతారంట.

తిరుగు దోవలో సామల్పట్టి రైల్వే గేటు పడింది. కారులో కూర్చొని రైలు కోసం చూస్తున్నాము. బావ నా వైపు తిరిగినాడు.

"నీకు నా ఎంగిలి అంత అసయ్యమా అప్పా?"

"నీదని కాదు బావా. నాది నాకే అసయ్యం."

"నీ పెండ్లిలో నా ఆకులో తిన్నావే."

"నువ్వు చెయ్యి పెట్టక ముందు బావా."

ఆయన నవ్వినాడు. కాని నవ్వు బావిలో రాయి పడినట్టు లోపలికి పోయింది. తర్వాత, కిటికీ వైపు చూస్తూ, "ఒక్కసారి అడుగు తాకొస్తే చాలు. ఇంగ అడగను" అన్నాడు. మోటార్లు తీసిన మనిషి అట్లా బతిమాలుకుంటుంటే నాకు నా నోటి మీదే రోత పుట్టింది. ఆ నెలంతా బాత్రూములో తలుపేసుకొని, పాత సైకిల్ ట్యూబు ముక్క నోట్లో పెట్టుకొని అభ్యాసం చేసినాను. ఆ ట్యూబును మాత్రం ముందుగా డెటాల్లో కడిగేవాణ్ణి.

మూడో సారి పరీక్షలో కళ్ళు మూసుకొని, దేవుని తీర్థమనుకొని బావ పీపీ నోట్లో పెట్టుకున్నాను. రెండు గుక్కలు. ఆయన పొద్దున వేసుకున్న తమలపాకు రుచి వచ్చింది. షాపాయన బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టినాడు. అంటే సరే అని. నాకు వచ్చిన మార్కులనుకున్నాను.

పడవ పోయి పోయి ఆగింది. తాడు పట్టుకొని దిగినాము. పది నిలువుల లోతుంటుంది. నీళ్ళు పాలు తక్కువైన టీ రంగులో ఉండినాయి. షాపాయన ముందు, మేమిద్దరం వెనక. ఓడ ఒక్కసారిగా కనిపించలేదు. మొదట వలలు కనిపించినాయి. ఎప్పుడో చిక్కుకొని తెగిపోయిన వలలు ఓడ నిండా కప్పుకొని ఉండినాయి, వాటిలో సగం కుళ్ళిన చేపలు, ఒక్కొక్కటి కదిలినప్పుడల్లా తెల్లగా పొరలు ఊడుతూ. ఇనుము మీద బురద, బురదలో ప్లాస్టిక్ కవర్లు, నూనె డబ్బా, ఒక కాలి చెప్పు. ఇంత దూరం వచ్చి, ఇన్ని ఎంగిళ్ళు మింగి చూసింది ఇది. వాసన లేని చోట కూడా నాకు వాసన వచ్చింది.

బావ మాత్రం రెండు చేతులూ చాపి పోయి, ఓడ పక్కను తాకినాడు. గేదె డొక్క మీద చెయ్యి వేసినట్టు. కొంచెం సేపు అట్లనే ఉండినాడు.

షాపాయన కోసం చూసినాను. మమ్మల్ని కాపాడవలసిన ఆయన అవతల ఒక ఇత్తడి గొళ్ళేన్ని గడ్డపారతో పెళ్ళగిస్తూ మట్టి మేఘంలో మునిగిపోయినాడు. చచ్చిన ఓడ నగలు ఒలుస్తున్నాడు.

అప్పుడే బావ నా భుజం పట్టుకున్నాడు. ఇంకో చేత్తో తన గొంతును కోస్తున్నట్టు చూపించినాడు. గాలి అయిపోయిందని గుర్తు. ఆయన గాలి చూపించే ముల్లు ఎప్పుడో సగం దగ్గర నిలబడిపోయి ఉండింది. షాపు సరుకు.

అక్క మాట చెవిలో మోగింది. నా పీపీ తీసి ఇచ్చినాను. వెనకాడకుండా ఇచ్చినాను, అది నాకే ఆశ్చర్యం. బావ రెండు గుక్కలు పీల్చినాడు. ఇప్పుడు నా వంతు. చెయ్యి చాపినాను.

ఆయన ఇవ్వలేదు.

పీపీని నీళ్ళలో అటూ ఇటూ జాడించినాడు. బొటనవేలితో లోపల తుడిచినాడు. తిప్పి, ఇంకోసారి జాడించినాడు. ఇంట్లో చుట్టానికి గ్లాసు కడిగి ఇచ్చే మనిషి ఎంత నిదానంగా కడుగుతాడో అంత నిదానంగా. ఆయనకేం, బావుల్లో పెంచిన ఊపిరి, బీడీ సగం కాలేదాకా ఉంటుంది. నాది అగ్గిపుల్ల. నా మర్యాద కాపాడడానికి నా ప్రాణం తీస్తున్నాడు. నీళ్ళలో అరవకూడదని తెలిసీ అరిచినాను. బుడగలు పోయినాయి, వాటి వెంట కొంచెం సముద్రం లోపలికి వచ్చింది. లాక్కున్నాను. ఉప్పు, తమలపాకు, బురద, అన్నీ కలిపి మింగినాను. అంత కమ్మటి ఎంగిలి మళ్ళీ తినలేదు.

మళ్ళీ ఆయనకు. మళ్ళీ కడగడం. ఒకరి సిలిండర్ పట్టీ ఒకరం పట్టుకొని తాడు వెంట మెల్లగా లేస్తూ ఉన్నాము. దోవ పొడుగునా ఆయన కడుగుతూనే ఉన్నాడు, నేను లాక్కుంటూనే ఉన్నాను. మధ్యలో ఒకసారి, చెప్పడానికి నవ్వొస్తుంది, అలవాటున నేను కూడా ఆయనకిచ్చే ముందు జాడించినాను.

పైకి తేలి పడవ అంచు పట్టుకున్నాక, నేను ముక్కులోని సముద్రాన్ని సముద్రంలోకి వదులుతుంటే, బావ నా చెవి దగ్గరికి వచ్చి మెల్లగా అన్నాడు.

"కడిగే ఇచ్చినా గదప్పా. ఏమనుకోవద్దు."

నేను వాంతి చేసుకున్నాను. చేపలు వచ్చినాయి.

షాపాయన చాలా తర్వాత లేచినాడు, ఇత్తడి గొళ్ళెం చంకలో పెట్టుకొని. మా ముఖాలు చూసి, సున్నా చుట్టి చూపించి, "సూపర్ డైవ్, సార్?" అన్నాడు. బావ ఆయనకు బాగలూరు తెలుగులో సమాధానం చెప్పినాడు. అది ఇక్కడ రాయదగింది కాదు. ఆయనకు అర్థం కాలేదు గాని ఊపు మాత్రం తగిలినట్టుంది, ఆ రోజు చేపలు వేయించలేదు.

తిరుగు దోవలో ఊత్తంగరైలో టీ కోసం ఆగినాము. బెంచీ మీద కూర్చున్నాక అడిగినాను. "ఎట్లుండెను బావా, ఓడ?"

"మన బావి మాదిరే ఉండాదప్పా. కవర్లు, చెప్పులు, కుళ్ళు. యాడికి పోయినా మనోళ్ళు ముందే పోయి పారేసుండారు." మళ్ళీ తనే, "అడుగైతే తాకినా" అన్నాడు.

బాటిల్ మూత తీసినాడు. తలెత్తి, జానెడు ఎత్తు నుంచి, ఒక్క చుక్క పెదవికి తగలకుండా గొంతులోకి పోసుకున్నాడు. నాకిచ్చినాడు. పొద్దున ఆయన నోట్లో పెట్టుకున్న పీపీ పీల్చి బతికిన నేను, ఆ బాటిల్ అంచు వైపు ఒకసారి చూసినాను. తర్వాత నేనూ తలెత్తి, ఎత్తి పోసుకున్నాను.

గురి తప్పింది. నీళ్ళు ముక్కులోకి పోయి పొలమారింది. కళ్ళు బయటికొచ్చేటట్టు దగ్గుతుంటే బావ నా నడినెత్తి మీద తడుతూ అన్నాడు.

"మెల్లగప్పా. ఎవరో తలుచుకుంటా ఉండారు. మీ అక్కే అయ్యుంటుంది."