వీరేశం అంకుల్ పాయింట్ వదిలిన రోజు

మా ఇంటి ఓనరే మా ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు. ఈ మాట ప్రొద్దుటూరులో ఉన్న మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. ఓనరంటే పంచె కట్టుకుని కుర్చీలో కూర్చుని కిరాయిదార్ల మీద అరిచేవాడని ఆమె లెక్క. నాకు దొరికిన ఓనరు అరవడు, సెల్యూట్ కొడతాడు.

నానక్‌రామ్‌గూడ పాత ఊళ్లో, పోచమ్మ గుడి సందులో, వీరేశం అంకుల్‌ది రెండంతస్తుల ఇల్లు. కింద ఆయనా, సత్తెమ్మ ఆంటీ. పైన నేనూ, నా లాప్‌టాప్. పొద్దున ఆరింటికి బనియనూ లుంగీతో వాకిట్లో పళ్లు తోముకుంటూ "శిరీషా, నీళ్లొచ్చినయ్ బిడ్డా, మోటరెయ్యి" అని కేకేస్తాడు. తొమ్మిదింటికి అదే మనిషి ఇస్త్రీ యూనిఫాంలో మా టవర్ గేటు ముందు నిలబడి, నన్ను జన్మలో ఎన్నడూ చూడనట్టు "మేడమ్, ఐడీ" అంటాడు.

ఆయనకు యాభై ఎనిమిదేళ్లు. ఇరవై ఏళ్లుగా అదే గేటు. గేటని మనం అంటాం, ఆయన 'పాయింట్' అంటాడు. రిలీవర్ రానిదే, అంటే తర్వాతి డ్యూటీ మనిషి వచ్చి అన్నీ అప్పజెప్పించుకోనిదే, పాయింట్ వదలకూడదని వాళ్ల రూలు. వాన కురిసినా, ఆకలేసినా అంతే. మిగతా గార్డులు ఈ రూలును ఉద్యోగం దగ్గర పాటిస్తారు. ఈయన బతుకంతా పాటించాడు. యాదగిరిగుట్టకు పోతే అందరూ దర్శనానికి పోయారు, ఈయన కింద సంచుల దగ్గర నిలబడ్డాడు. సొంత కూతురు ప్రశాంతి పెళ్లికి ఫంక్షన్ హాల్ గేటు దగ్గర కార్లు పార్కింగ్ చేయించాడు. కన్యాదానం వేళకు పెద్దమనుషులు వచ్చి లాక్కుపోయారు గానీ, కాళ్లు కడగడం అవగానే మళ్లీ గేటుకొచ్చాడట. పెళ్లి ఆల్బమ్‌లో ఆయన ఫొటోలు రెండే. రెండోదాంట్లో ఒక ఇన్నోవాను వెనక్కి రమ్మని చేయి ఊపుతున్నాడు.

మా టవర్ పద్దెనిమిది అంతస్తులు. అందులో ఆయన ఒక్క అంతస్తూ చూడలేదు. "మా ఫ్లోర్‌కి రండి అంకుల్, కాఫీ మెషీన్ చూపిస్తా" అన్నాను ఒకసారి. "పాయింట్ ఎవలు చూస్తరు?" అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడేళ్లు ఆయన ఇంట్లో ఉన్నా ఆ కోపం ఆయన మీద ఒక్కసారే బద్దలైంది. అది నిరుడు చలికాలం. జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. మెట్ల మీద కాలు మెలికపడి కుంటుతున్నాను. ఆ హడావుడిలో ఐడీ కార్డు ఇంట్లో మరిచిపోయాను. గేటు దగ్గర ఆయన చేయి అడ్డం పెట్టాడు.

"ఐడీ, మేడమ్."

"అంకుల్, నేనే" అన్నాను, గొంతులోంచి గాలి మాత్రమే వస్తుంటే.

"ఐడీ లేకుంటే పంపొద్దు మేడమ్."

గంట కిందట ఆయన భార్య చేతి అల్లం చాయ్ తాగి వచ్చినదాన్ని! నలభై నిమిషాలు ఎండలో నిలబెట్టాడు. చివరికి మా మేనేజర్ దిగొచ్చి పూచీ పడితే గానీ లోపలికి వదల్లేదు. వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు. మోటర్ వెయ్యమని ఎంత అరిచినా వెయ్యలేదు. కింద నీళ్లు లేక సత్తెమ్మ ఆంటీ నన్ను తిట్టుకుంది. ఆ రోజు నుంచి పెళ్లికి పోయినా ఐడీ కార్డు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది.

తర్వాత ఎండాకాలంలో ఒక సాయంత్రం మెట్ల దగ్గర రెండడుగుల దూరంలో ఎదురుపడి, "ఎవలది?" అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. సత్తెమ్మ ఆంటీ నన్ను వంటింట్లోకి లాక్కుపోయి అసలు సంగతి చెప్పింది.

"రెండు కండ్లకు పొరలొచ్చినయ్ బిడ్డా. రెండేండ్లాయె. నడకను బట్టి, మాటను బట్టి మనుషుల పోల్చుకుంటుండు. కనబడ్తలేదంటే పాయింట్ నుంచి తీసేస్తరని ఎవలకు చెప్పలే. నేనడిగితే గూడ 'బరాబర్ కనబడ్తుంది' అంటడు."

అంటే ఆ రోజు నా నడకా నాది కాదు, గొంతూ నాది కాదు. నా కోపానికి నాకే సిగ్గేసింది. రెండు వేల మందిని చూపు లేకుండా పోల్చుకున్న మనిషి నన్ను పోల్చుకోలేక ఎంత కంగారుపడ్డాడో! మర్నాడే సెలవు పెట్టి ఆయన్ను కంటి దవాఖానకు తీసుకుపోయాను. ఒక కన్ను ఒక నెలలో, రెండో కన్ను పై నెలలో. ఆపరేషన్లు అయ్యాయి, పట్టీలు తీశారు, చుక్కల మందు వాడకం కూడా ముగిసింది. సోమవారం మళ్లీ డ్యూటీ ఎక్కాలి.

ఆంటీకి మాత్రం బెంగ తీరలేదు. "ఇప్పుడెట్ల కనబడ్తుంది?" అంటే ఆయన అదే మాట: "బరాబర్." రెండేళ్లు అబద్ధం చెప్పిన నోరే కదా అది. ఆ గేటు ముందు క్యాబులు ఎట్లా మలుపు తిరుగుతాయో ఆంటీకి తెలుసు. కళ్లు బాగుపడకుండానే ఆయన సోమవారం ఆ రోడ్డు మీద నిలబడితే ఏమవుతుందోనన్నది ఆమె భయం.

దానికి ఆమె దగ్గర ఒక మొక్కు కూడా ఉంది. సత్తెమ్మ ఆంటీకి దేవుళ్లలో పేచీ లేదు. కట్ట మైసమ్మకు బోనం, దర్గాలో చాదర్, సికింద్రాబాద్‌లో ఒక పాత చర్చిలో మరియమాతకు కొవ్వొత్తి. ఆ చర్చి లోపల మాత నిలబడ్డ గూడంతా బంగారు పూత అని నాకు వందసార్లు చెప్పింది. "చూపొస్తే ఈయన్ని తోల్కొచ్చి నీ బంగారు గూడు చూపిస్త తల్లీ" అని మొక్కుకుంది. చూపించినట్టూ ఉంటుంది, చూపు పరీక్షించినట్టూ ఉంటుంది. మాతకు కంటి డాక్టర్ పని కూడా అప్పజెప్పిందన్నమాట.

"నువ్వు గూడ రా బిడ్డా. తలుపు కాడికొచ్చి ఆగిపోతడు. నీ మాటైతే ఇంటడు."

శనివారం ముగ్గురం షేర్ ఆటోలో లింగంపల్లి వెళ్లి రైలెక్కాం. రైల్లో సీట్లున్నాయి, అయినా ఆయన తలుపు దగ్గరే నిలబడ్డాడు. ప్రతి స్టేషన్లో దిగేవాళ్లకు దారిచ్చి, ఎక్కేవాళ్లను జరగమన్నాడు. బేగంపేట వచ్చేసరికి బోగీ మొత్తం ఆయన చెప్పినట్టు వింటోంది.

చర్చికి చేరేసరికి పదకొండున్నర. బయట నుంచి చూస్తే బూడిదరంగు రాతి గోడలు, సన్నటి గోపురాలు. బంగారం జాడే లేదు. ఆంటీ పరవశంగా చెప్పులు విడిచింది. నేనూ విడిచాను. ఆయన తన చెప్పులూ విడిచి, మూడు జతలనూ ఒక వరసలో సర్ది, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"మీరు పోయిరాండ్రి. చెప్పులు నేను చూస్త."

ఆంటీ నన్ను చూసింది. నేను అంకుల్‌ను చూశాను. "అంకుల్, మొక్కు మీ కళ్లది. మా కళ్లది కాదు" అన్నాను.

"కొత్త చెప్పులు బిడ్డా ఆమెవి. జర సేపు. మీరొచ్చినంక నేను పోత."

ఈ వాదన జరుగుతుండగానే ఒక కుటుంబం వచ్చింది. చెప్పుల వరస చూసింది, వెనక అటెన్షన్‌లో నిలబడ్డ మనిషిని చూసింది, మారు మాట్లాడకుండా ఐదు జతలు విడిచి లోపలికి పోయింది. నిజానికి ఆ చర్చిలోకి చాలామంది చెప్పులతోనే పోతారట. ఆ రోజు మాత్రం పోలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు విడిచారు. అంకుల్‌లో ఏదో వెలిగింది. మొదటి వరస ఆడవాళ్లవి, రెండో వరస మగవాళ్లవి, బూట్లు గోడ పక్కన. చేయి చాపి "ఇటు సార్, జర జరగండి మేడమ్" మొదలైంది. ఆంటీ తల పట్టుకుని మెట్ల మీద కూలబడింది.

"ఓ ప్రశాంతోళ్ల నాయనా! ఈడికొచ్చి గూడ డ్యూటేనా?"

పన్నెండు దాటాక పక్క గదిలోంచి తాళాల గుత్తితో ఒకాయన వచ్చాడు. అంతోని అని, చర్చి తలుపులు తీసేదీ మూసేదీ ఆయనే. గుంటూరు వైపు మనిషి. చెప్పుల వరసల్ని కళ్లప్పగించి చూశాడు.

"మీరు ఏ ఏజెన్సీ అండి? మాకెవరూ చెప్పలేదే!"

"ఏజెన్సీ లేదు సార్. నేను గిట్లనే."

"బాగానే ఉందండి. కానీ సాయంత్రం పెళ్లి ఉంది, డెకరేషన్ వాళ్లొస్తారు. పన్నెండున్నరకి తలుపులేసేస్తాను. చూడాల్సినవాళ్లు ఈలోపే చూసేయండి."

ఆంటీ లేచింది. "పది నిమిషాలున్నది. నువ్వు రాకపోతే మొక్కు తప్పినట్టే. నీ కండ్లు ఏమైనయో నాకెట్ల తెల్వాలె? రెండేండ్లు నాతోటి అబద్ధమాడినవ్. సోమవారం గేటు కాడికి పంపి, పొద్దుమీకే దాంక నేను ఇంట్ల గజగజ వణకాలెనా?"

ఆయన ముఖం మాడిపోయింది. లోపలికి ఒకడుగు వేశాడు. చెప్పుల వైపు చూశాడు. ఆగిపోయాడు. "నలభై మూడు జతలున్నయే. గిప్పుడు నేను పోతే ఎట్ల? అందరు నన్ను చూసే విడిచిండ్రు."

నాకు కోపం నషాళానికి అంటింది. దాంతోపాటే బుద్ధి కూడా పని చేసింది. ఈ మనిషిని బతిమాలితే కదలడు, రూలు ప్రకారం పోతేనే కదులుతాడు. చున్నీ సర్దుకుని ఆయన ఎదురుగా నిలబడ్డాను.

"రిలీవర్ రిపోర్టింగ్, అంకుల్. పాయింట్ అప్పజెప్పండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేయి చాపాడు.

"ఐడీ, మేడమ్."

హ్యాండ్‌బ్యాగులోంచి కార్డు తీసి ఆయన చేతిలో పెట్టాను. ఎండలో కాస్త దూరంగా పట్టుకుని, నా ఫొటో చూసి, నన్ను చూసి, మళ్లీ ఫొటో చూశాడు. "ఇంత సన్నగుంటివా బిడ్డా అప్పుడు?" అని కార్డు తిరిగిచ్చాడు. నాకు ఒళ్లు మండింది. ఆంటీ మాత్రం చెవులు రిక్కించింది.

అప్పగింత పద్ధతిగా జరిగింది. "మొత్తం నలభై మూడు జతలు. రెండో వరసల ఎర్ర చెప్పుకు బొటనేలి ఉంగటం తెగింది, అది మనం తెంపింది కాదు. ఆ మూలకు కుక్క తిరుగుతుంది, కన్నెయ్యి." నేను "ఓకే సార్" అన్నాను. ఆయన సెల్యూట్ కొట్టాడు. ఆంటీ ఆయన చేయి పట్టుకుని, మళ్లీ మనసు మారకముందే లోపలికి లాక్కుపోయింది.

కాబట్టి ఆ బంగారు గూటిని నేను చూడలేదు. తలుపు సందులోంచి పొడుగాటి బల్లల వరసలూ, చాలా దూరంలో పచ్చగా మెరిసే ఒక చీలికా, దాని ముందు రెండు వీపులూ కనిపించాయి. చెప్పుల కోసం వచ్చినవాళ్లకు చెప్పులు చూపించాను. ఒకావిడ నన్ను "ఏమ్మా, నీళ్ల పంపు ఎక్కడ?" అని అడిగితే తెలియకపోయినా దర్జాగా కుడివైపు చూపించాను. ఆ పనిలో ఒక మత్తుంది.

పన్నెండున్నరకు అంతోని గారు వచ్చారు. "అమ్మా, వాళ్లిద్దర్నీ పిలవండి."

"పాయింట్ వదలకూడదండి" అన్నాను, తలుపుకు అడ్డంగా జరిగి. "ఐదు నిమిషాలు."

ఆయన ఒకసారి నన్ను చూసి, తాళాల గుత్తి జేబులో పడేసి, మెట్టు మీద కూర్చున్నారు.

వాళ్లు పన్నెండు గంటల నలభైకి బయటికొచ్చారు. ఆంటీ కొంగుతో ముఖం తుడుచుకుంటోంది. కంగారుగా అడిగాను. "ఏమైంది ఆంటీ?"

"పైన, మాత నెత్తి మీద దేవదూత ఉన్నదట బిడ్డా. దాని ఎడమ రెక్క కొసకు బంగారు పూత పోయి, కట్టె కనబడ్తుందట ఈయనకు. ఈడికి నేను ఆరుసార్లొచ్చిన. ఒక్కనాడు గూడ చూడలే."

అంతోని గారు గబుక్కున లేచి నిలబడ్డారు. "నిరుడు వానలకి పెచ్చు ఊడిందండి అది! నిచ్చెనేసి తుడిచే నాకు తప్ప ఎవరికీ తెలీదు. అక్కడి నుంచి ఎలా కనపడింది మీకు?"

"బరాబర్ కనబడ్డది సార్" అన్నాడు అంకుల్.

ఆ మాట వినగానే ఆంటీ ఏడుస్తూనే నవ్వింది. నాకూ కళ్లు తడిశాయి, ఆ సంగతి దాచుకోను. సోమవారం గురించిన భయం అక్కడికక్కడే, ఆ చెప్పుల మధ్యే పోయింది.

అంకుల్ చెప్పులేసుకోబోయి ఆగాడు. "సార్, ఈ పిల్ల ఇంక చూడలే. జర రెండు నిమిషాలు" అన్నాడు అంతోని గారితో. అంతోని గారు చేత్తో కానిమ్మన్నారు.

"పాయింటో?" అన్నాను.

"నేనున్న పో" అంది ఆంటీ.

"తల పైకెత్తి చూడు బిడ్డా. స్తంభాలకు ద్రాక్ష తీగలు చెక్కిండ్రు, గుత్తి గుత్తికి బంగారమే. ఎడమ దిక్కు కిటికీల ఎర్రద్దం నుంచి ఎండ పడ్తుంది చూడు, ఆ ఎండ ఇంకింత సేపే ఉంటది." చెబుతూ చెబుతూనే అంకుల్ నడక మొదలుపెట్టాడు. ఆంటీకి జతల లెక్క చెప్పలేదు, కుక్క సంగతి చెప్పలేదు. నాకంటే ముందు గడప దాటి, తల పైకెత్తుకుని, వెనక్కి చూడకుండా పోయాడు. తలుపు నేనే పట్టుకోవాల్సి వచ్చింది.