బున్‌సన్ చలిని బయట నిలబెట్టింది

మా వీధిలో ఇళ్ళన్నీ గని యజమానులు కార్మికుల కోసం కట్టించినవి. సిమెంటు దిమ్మెలతో ఒంటి వరస గోడ, పైన రేకు, ఆ రేకు కింద పల్చటి చెక్క లోకప్పు. గనులు మూసేశాక చాలామంది మా థెబెక్ ఊరు వదిలి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం తలా ఒక ఇల్లు కొనుక్కుని ఈ కొండల్లోనే ఉండిపోయాం. నాది వీధి చివరి ఇల్లు, దాని పక్కది తాక్ బున్‌సన్‌ది.

బున్‌సన్‌కు సంతలో బొంతలు కుట్టే కొట్టు ఉంది. నా నూడుల్స్ కొట్టుకు సరిగ్గా ఎదురు. మనిషి పొట్టి, గొంతు మాత్రం సంతంతా వినిపిస్తుంది. ఆమె భర్త యోమ్ గిల్‌చే ఇరవై ఏళ్ళకు పైగా గనిలో దిగి, ఊపిరితిత్తుల నిండా బొగ్గు ధూళి నింపుకున్నాడు. ఎండాకాలంలో బాగానే తిరిగేవాడు. చలిగాలి తగిలిందంటే మాత్రం దగ్గు పట్టుకుని ఊపిరి అందేది కాదు. అందుకని ఏటా నీళ్ళు గడ్డకట్టే రోజులు మొదలవగానే గని కార్మికుల ఆసుపత్రిలో చేరేవాడు. చలి పోయి కొండ మీద జిందల్లె పూలు విచ్చాక ఇంటికి వచ్చేవాడు. బున్‌సన్ చలికాలమంతా పగలు కొట్టులో, సాయంత్రం ఆసుపత్రిలో గడిపేది. వెచ్చదనం నిలవని ఇంట్లో ఒంటరిగా పడుకునేది.

ఒక వసంతంలో గిల్‌చే ఇంటికి వచ్చిన రోజే భార్యతో ఒక మాట అన్నాడు. నేను వాళ్ళింట్లోనే ఉన్నాను, ముల్లంగి పులుసు పట్టుకెళ్ళి.

"వచ్చే చలికాలం నన్ను అక్కడికి పంపకు. పక్క మంచాలవాళ్ళు ఒక్కొక్కళ్ళే ఖాళీ చేస్తున్నారు. పోయేదేదో నా ఇంట్లోనే పోతాను."

బున్‌సన్ చేతిలో గరిటె కింద పెట్టింది. "పోయే సంగతి తరవాత చూద్దాంలెండి. ముందు ఉండే సంగతి చూస్తాను," అంది.

మర్నాడే వెళ్ళి డాక్టర్ని అడిగింది. గది ఎప్పుడూ ఒకే తీరున వెచ్చగా ఉండాలి, గాలి శుభ్రంగా ఉండాలి, ఆ రెండూ కుదిరితే ఇంట్లో ఉంచుకోవచ్చు అన్నాడాయన. ఆ రెండు మాటలు పట్టుకుని ఆమె ఇంటి మీద పడింది.

చేతిలో ఉన్నది కొట్టు మీద మిగిలిన కొద్దిపాటి సొమ్ము. పనివాళ్ళను పెట్టుకునే తాహతు లేదు. కిటికీలన్నింటికీ గాలిబుడగల ప్లాస్టిక్ అంటించింది. ఉత్తరపు గోడకు లోపలి వైపు థర్మోకోల్ పలకలు జిగురు పెట్టి అతికించి పైన పూల కాగితం వేసింది. సందు కనిపించిన చోటల్లా టేపు చుట్టింది. అక్టోబరు వచ్చేసరికి ఇల్లు నిజంగానే వెచ్చబడింది. ఆ నెలంతా వచ్చిన వాళ్ళందరినీ గోడ మీద చెయ్యి వేసి చూడమంది.

నవంబరులో ఆ గోడ చెమ్మగిల్లింది. ముందు పూల కాగితం మీద మరకలు తేలాయి. బట్టల బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా నల్లటి బూజు. గిల్‌చే దగ్గు ఎక్కువైంది. డిసెంబరు రాకముందే ఆసుపత్రికి తీసుకెళ్ళక తప్పలేదు. మంచం ఎక్కేటప్పుడు ఆయన తనను తిట్టినా బాగుండేదని బున్‌సన్ నా దగ్గర ఏడ్చింది. ఆమె ఏడవగా చూడడం నాకు అదొక్కసారే.

ఆ చలికాలమే మామగారి ఆబ్దికం వచ్చింది. గిల్‌చే అన్న, ఆయన భార్య సుక్‌జా వచ్చారు. వాళ్ళు ఊళ్ళో కొత్తగా లేచిన అపార్టుమెంటులో ఎనిమిదో అంతస్తులో ఉంటారు. సుక్‌జా చెడ్డ మనిషేం కాదు. కాని నోటికి వచ్చింది లోపల ఆగదు. బూజు పట్టిన గోడ చూసి, కోటు విప్పకుండానే కూర్చుని తోడికోడలితో అంది.

"ఈ ఇంటికి వైద్యం చెయ్యడంకన్నా పాడె కట్టడం నయం చెల్లీ. అమ్మేసి మా పక్కకొచ్చెయ్యండి."

"పాడెకైతే చెక్క కొనాలక్కా. నా దగ్గరున్నది కిటికీలకే చాలదు," అంది బున్‌సన్. అందరూ నవ్వారు. వాళ్ళు వెళ్ళాక మాత్రం ఆమె గుడ్డ తడిపి ఆ గోడ మీది బూజు తుడవడం మొదలుపెట్టింది.

దారి చూపించింది హా మేస్త్రి. పాత కట్టడాలు పడగొట్టడం ఆయన పని. రోజూ మధ్యాహ్నం నా కొట్టులోనే తింటాడు. బున్‌సన్ కథ నా నోట విని, ఒక రోజు గిన్నె ఖాళీ చేసి నేరుగా వాళ్ళింటికి నడిచాడు. ఒక పలక మూల పట్టి లాగాడు. వెనక నీళ్ళు కారుతున్నాయి.

"నువ్వు ఇంటికి వానకోటు తొడిగావమ్మా, బొంత కప్పలేదు. అన్నం వండిన ఆవిరి, స్నానం ఆవిరి, మనిషి ఊపిరి, ఇదంతా ఎక్కడికి పోవాలి? పలక వెనక సందులో దూరి, చల్లటి గోడకు తగిలి నీరైంది."

బొంతలు కుట్టే మనిషికి ఇంకేం చెప్పక్కర్లేకపోయింది. ఆ సాయంత్రమే తాను అంటించినదంతా తానే పీకేసింది. వసంతం వరకు గోడలను ఆరనిచ్చింది. హా మేస్త్రి కూలి అడగలేదు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని ఒక మందపాటి బొంత అడిగాడు. ఆమె రెండు కుట్టి ఇచ్చింది.

గిల్‌చే తిరిగొచ్చాక పని మళ్ళీ మొదలైంది. ఈసారి తొందర పడలేదు. గాలి బాగా వీచే రోజు చూసి, పితృకార్యానికి తెచ్చిన ఊదొత్తులు వెలిగించుకుని ఇల్లంతా తిరిగారు. ఊదొత్తి పట్టింది గిల్‌చే. గనిలో గాలి ఎటు నుంచి వచ్చి ఎటు పోతోందో గమనించడం ఆయనకు అలవాటు. పొగ ఎక్కడ వంగితే అక్కడ సందు ఉన్నట్టు. ఆగి సుద్దతో గుర్తు పెట్టేవాడు. గాలి కిటికీల నుంచి వస్తోందనుకున్నాం. దానికన్నా ఎక్కువగా గోడా నేలా కలిసే చోట, స్విచ్చుల వెనక నుంచి వస్తోంది. అన్నింటికీ మించి లోకప్పు చెక్కల మధ్య నుంచి బయటికి పోతోంది. వెచ్చదనమంతా పైకి లేచి రేకు కింద నుంచి ఆకాశానికి పోతుంటే కిటికీలకు ప్లాస్టిక్ అంటించి ఏం లాభమని తల పట్టుకుంది బున్‌సన్.

ఎండాకాలంలో హా మేస్త్రి ఒక మంచి వార్త తెచ్చాడు. పై కొండ మీద క్యాబేజీలు దాచే శీతల గోదాము పడగొడుతున్నారట. దాని గోడల్లో జానెడు మందం నురుగు పలకలు ఉన్నాయి. ఎవరు మోసుకుపోతే వాళ్ళవి. సంత ఆడవాళ్ళం ఒక ఆదివారం నా సరుకుల బండి వేసుకుని వెళ్ళాం. నడుములు విరిగేలా మోశాం. ఎండాకాలమంతా చలిని లోపల ఉంచిన పలకలు ఇక మీదట దాన్ని బయట ఉంచుతాయని హా మేస్త్రి చెప్పి నవ్వాడు. వాటిని కోసి లోకప్పు పైన సందు లేకుండా పరిచాం. వానకాలం పోయేదాకా ఆ ఇంట్లో క్యాబేజీ వాసన పోలేదు. కిమ్చీ ఊరగాయ జాడీలో పడుకున్నట్టుందని గిల్‌చే పొద్దున్నే గొణిగేవాడు.

గోడలకు కూడా అవే పలకలు. ఈసారి వెనక వేలు దూరేంత ఖాళీ కూడా వదలకుండా గోడకు అదిమి, అతుకుల్లో నురుగు నింపి, గది వైపు ఆవిరి చొరని పొర పరిచి, పైన జిప్సం అట్టలు బిగించాం. పడగొట్టిన ఒక లాడ్జి నుంచి జోడు అద్దాల కిటికీలు దొరికాయి. పాతవి తీయకుండా వాటికి లోపలి వైపు వీటిని నిలబెట్టాడు హా మేస్త్రి. వంటగదిలోను, స్నానాల గదిలోను ఆవిరి లాగే ఫ్యాన్లు పెట్టాడు. బొగ్గు బిళ్ళల పొయ్యి ఇంటి బయట పాకలో ఉంది. దానితో కాగిన నీరే నేల కింద గొట్టాల్లో తిరుగుతుంది. ఆ పాక నుంచి ఇంట్లోకి ఉన్న సందులన్నీ మూయించి, పొగగొట్టం మార్పించి, విషవాయువు వస్తే కూసే యంత్రం గిల్‌చే తలగడ పక్కన పెట్టించాడు. రోజూ పొద్దున ఎంత చలిగా ఉన్నా కాసేపు కిటికీలన్నీ బార్లా తెరవాలని బున్‌సన్ చేత ఒట్టు వేయించుకున్నాడు.

నవంబరు వచ్చింది. గోడ పొడిగానే ఉంది. బున్‌సన్ రోజూ బీరువా జరిపి వెనక చెయ్యి పెట్టి చూసేది. డిసెంబరు వచ్చింది. గిల్‌చే ఇంట్లోనే ఉన్నాడు. వెనకటిలో సగం బొగ్గు బిళ్ళలు కూడా కాలడం లేదు. దగ్గు ఉంది, కాని పడుకోనిచ్చే దగ్గే. నెలకోసారి చూడ్డానికి వచ్చే నర్సు చలికోటు విప్పి, లోపలి స్వెటర్ కూడా విప్పి, అప్పుడు ఆయన నాడి పట్టుకుంది. కొత్త సంవత్సరం నాడు ఆయన నా వాకిలి దాకా నడిచి వచ్చి, నిలబడి బియ్యపు ముద్దల సూప్ తాగి వెళ్ళాడు. చలికాలంలో ఆయన్ని మా వీధిలో చూసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు.

అసలు పరీక్ష ఫిబ్రవరిలో వచ్చింది. రెండు రోజులు ఆగకుండా మంచు పడి, బరువుకు కరెంటు తీగలు తెగాయి. తెల్లారేసరికి ఊరంతా కరెంటు లేదు. నేల కింద నీరు తిప్పే మోటారు కూడా ఆగిపోయింది. నీరు కదలకుండా పొయ్యి మండితే ప్రమాదమని గిల్‌చే దాని గాలి తలుపు మూయించి నిప్పు ఆర్పించాడు. నా ఇంట్లో మధ్యాహ్నానికి బకెట్టులో నీళ్ళ మీద మీగడలా మంచు కట్టింది. దుప్పటి కప్పుకుని పక్కింటికి నడిచాను. తలుపు తీయగానే ముఖానికి వెచ్చటి గాలి తగిలింది. గిల్‌చే స్వెటర్ చేతులు పైకి మడుచుకుని నేల మీద కూర్చుని రాత్రి ఉడికించిన బంగాళాదుంపలు ఒలుస్తున్నాడు. బున్‌సన్ నా దుప్పటి లాగేసి, చెమట పడుతుంది తీసెయ్ అంది.

ఒక్కొక్కరే వీధంతా చేరారు. సాయంత్రానికి గది నిండిపోయింది. ఇంతమంది ఊపిరికి గోడ చెమ్మగిల్లుతుందని బున్‌సన్ గంటకోసారి కిటికీ తెరిచి మూసేది. తెరిచినప్పుడల్లా అందరూ కేకలు పెట్టేవాళ్ళు. మూసిన కాసేపటికే మళ్ళీ వెచ్చబడేది.

వెలుగు పోకముందే తలుపు చప్పుడైంది. సుక్‌జా, ఆమె భర్త. చంకల్లో దిండ్లు, కనుబొమల మీద మంచు. కరెంటు లేక వాళ్ళ గ్యాస్ బాయిలర్ ఆగిపోయింది, లిఫ్టు ఆగిపోయింది. ఎనిమిది అంతస్తులు దిగి, మోకాలి లోతు మంచులో నడిచి వచ్చారు. సుక్‌జా గడప దాటి, కోటు బొత్తాం మీద చెయ్యి వేసి చుట్టూ చూసింది. పొయ్యి ఎక్కడ పెట్టారని అడిగింది. పొద్దున్నుంచి పొయ్యే లేదని మేమంతా ఒకేసారి చెప్పాం. ఆమె నమ్మలేదు. బూట్లు విప్పి, ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి అరచెయ్యి ఆనించింది. తరవాత చెంప ఆనించింది.

"పొడిగా ఉందే," అంది మెల్లగా.

"రండి వదినా, కూర్చోండి," అన్నాడు గిల్‌చే, దుంప ఒకటి ఉప్పు అద్ది ఆమె చేతికిస్తూ. "ఫిబ్రవరిలో మా ఇంటికొచ్చి నన్ను చూడ్డం మీకిదే మొదటిసారి."

ఆమె దుంప తీసుకుంది. కోటు విప్పింది. కళ్ళు తుడుచుకోవడం అందరం చూశాం. బున్‌సన్ బీరువా తెరిచి కొత్త బొంతలు తీసి అందరికీ పరిచింది. మర్నాడు మధ్యాహ్నం దాకా కరెంటు రాలేదు. అప్పటికీ ఆ ఇంట్లో ఎవరికీ వణుకు పుట్టలేదు.

పూలు విచ్చాక డాక్టరు గిల్‌చే ఊపిరి పరీక్షించి, ఏమీ దిగజారలేదని చెప్పాడు. ఆ జబ్బులో దిగజారకపోవడమే గెలుపు. ఆ వేసవిలో మా ఇంటి పని జరిగింది. తరవాత ఎదుటిల్లు. ఇప్పుడు మా వీధిలో ఊదొత్తి పొగ వంకర చూడ్డానికి గిల్‌చేని పిలుస్తారు. ఆయన కుర్చీ వేసుకుని కూర్చుని చెప్తాడు. బున్‌సన్ లోకప్పులో పడుకుని పలకలు సర్దుతూ, కింద నుంచి ఎవరైనా నెమ్మది, జాగ్రత్త అంటే, నాకన్నీ తెలుసులే నువ్వు పలక అందించు అని అరుస్తుంది. ఆ గొంతు సంత దాకా వినిపిస్తుంది. నిన్న ఆ పలక కింద నుంచి అందించింది సుక్‌జాయే.